నాలుగంగుళాల జాగా

సాయంత్రం ఏడున్నర దాటాక ప్రకటనల విభాగం నుంచి ఫోనొస్తుంది: చీరల దుకాణం వాళ్ల ప్రకటన రేపటికి లేదట. అప్పటిదాకా నిండుగా ఉన్న ఆడవాళ్ల పేజీలో అడుగున నాలుగంగుళాల ఖాళీ పడుతుంది. పేజీ పెట్టే కుర్రాడు గడియారం వంక చూసి, తర్వాత నా వంక చూస్తాడు. ఇంటర్వ్యూలు, వ్యాసాలు అప్పటికప్పుడు పుట్టవు కదా. ఫైల్లోంచి నాలుగు చిట్కాలు తీసి ఇస్తే ఆ పూటకి గండం గడుస్తుంది. విజయవాడ డెస్కులో నేను ఈ పేజీ చూసినన్నాళ్లూ ఆ ఫైలు నా చెయ్యి చాపినంత దూరంలోనే ఉండేది.

పేరుకి ఖాళీ పూడ్చే సరుకే. కానీ పేజీ మొత్తంలో జనం కత్తిరించి దాచుకునేది అదొక్కటే. సంపాదకీయాన్ని ఎవరూ బీరువా తలుపు లోపలివైపు అంటించుకోరు. మహిళా సర్పంచి మీద ముప్పావు పేజీ కథనం వేస్తే ఫోను మోగకపోవచ్చు. మెంతులు నానబెట్టేది రాత్రా పొద్దునా అన్నది స్పష్టంగా రాయకపోతే మాత్రం మర్నాడు పదింటికల్లా మోగుతుంది. అందుకే ఈ పనిలో కాస్త కుదురుకున్న ఎవరైనా చిట్కాలని వార్తలకన్నా ఎక్కువ అనుమానంతో చదువుతారు. వార్త చదివినవాళ్లు ఊరుకుంటారు. చిట్కా చదివినవాళ్లు చేసి చూస్తారు.

ఉత్తరాలు ఎక్కువగా పోస్టుకార్డుల మీద, ఇన్‌లాండ్ లెటర్ల మీద వచ్చేవి. రిటైరైన టీచర్లు, పిల్లలు స్కూలుకెళ్లాక కాస్త తీరిక దొరికే ఇల్లాళ్లు, అప్పుడప్పుడు మగవాళ్లు కూడా. కొందరు కింద ‘సేకరణ’ అని నిజాయితీగా రాసేవారు. కొందరు ‘మా అత్తగారు చెప్పినది’ అని రాసి అత్తగారి పేరు కూడా వేయమనేవారు. ఆ వినయం నాకు నచ్చేది. కాలాన్ని బట్టి వచ్చేవి: ఎండలు ముదిరితే చెమటకాయలు, ఆవకాయకి బూజు, వానాకాలంలో ముక్కవాసన వేసే బట్టలు, చెమ్మెక్కిన ఉప్పు, ఆషాఢంలో గోరింటాకు, కార్తీకం ముందు ఇత్తడి కుందులు తోమడం, చలి మొదలైతే మడమల పగుళ్లు, చుండ్రు. ఉత్తరాల కట్ట చూసి బయట వాతావరణం ఎలా ఉందో చెప్పొచ్చు.

దాదాపు ప్రతి ఉత్తరంలోనూ మూడు సంగతులు ఉండేవి కావు: ఎంత, ఎంతసేపు, ఎవరికి వద్దు. రాసినావిడ తప్పు కాదది. ఆవిడ ఇంట్లో ఆ మూడూ చేతి అలవాటులో ఉంటాయి. ‘కాస్త సున్నం’ అంటే ఎంతో ఆవిడ వేలికి తెలుసు. నలుగు పెట్టేముందు నూనె రాసుకోవాలని వేరే చెప్పాలని కూడా ఆవిడకి తోచదు. చిట్కా ఇల్లు దాటి పోస్టుడబ్బాలో పడేసరికి వేలి లెక్క ఇంట్లోనే మిగిలిపోతుంది. మాకు చేరేది సగం చిట్కా. మిగతా సగం వెతికి అతికించడమే డెస్కులో నా పని.

కొన్నింటికి మా వంటిల్లే ప్రయోగశాల. కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప చెక్కలు వేయాలి, ఉప్పంతా పీల్చేస్తుంది అన్న చిట్కా కనీసం వారానికొకటి వచ్చేది. చేసి చూస్తే దుంప ఉప్పగానే ఉంటుంది, మిగిలిన పులుసూ అంతే ఉప్పగా ఉంటుంది. దుంప పీల్చేది ఒట్టి ఉప్పు కాదు, ఉప్పునీళ్లు. నీళ్లూ ఉప్పూ కలిసే పోతాయి కాబట్టి మిగిలినదాని రుచి మారదు. మారినట్టు అనిపిస్తే దుంప ముక్కలు కూడా కలుపుకుని తినడం వల్ల కూర పెరిగినట్టయి అనిపిస్తుంది. దానికి దుంపే అక్కర్లేదు: పులుసైతే ఇంకాస్త చింతపండు రసం, నీళ్లు; ఇగురైతే ఉప్పు వేయకుండా మగ్గించిన ఇంకో గుప్పెడు ముక్కలు. ఈ మాట వేస్తే ‘మా అమ్మమ్మ కాలం నుంచీ చేస్తున్నాం’ అని కోపంగా ఒక ఉత్తరం వచ్చింది. జవాబు రాయలేదు. అమ్మమ్మ కూడా ఆ దుంప తినే ఉంటుంది.

నిలిచిన చిట్కాలూ ఉన్నాయి, వాటి సంగతి చెప్పుకోవాలి. తెల్లబట్ట మీద పప్పు మరక పడిందనుకోండి. సబ్బు తగలగానే పసుపుపచ్చ కాస్తా కుంకుమ రంగుకి తిరుగుతుంది. కొత్త కాపురం ఆడపిల్లలు అక్కడే బెదిరిపోయి, మరక ముదిరిందనుకుని బ్రష్షు పుచ్చుకుంటారు. బెదరాల్సింది లేదు. పసుపులోని కర్కుమిన్‌కి క్షారం తగిలితే ఎరుపెక్కడం దాని గుణం. దిష్టి తీయడానికి పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసేదీ, కొమ్ములకి సున్నం పట్టించి సంప్రదాయ కుంకుమ చేసేదీ ఈ గుణం ఆధారంగానే. సబ్బు పోయేదాకా జాడించండి, ఎరుపు మళ్లీ పసుపవుతుంది. ఇక బ్రష్షుతో పని లేదు. తడి బట్టని తిన్నగా ఎండ తగిలేచోట ఆరేయండి. కర్కుమిన్ ఎండకి ఆగదు. పొద్దున ఆరేస్తే సాయంత్రానికి ఎక్కడ పడిందో వెతుక్కోవాలి. మొండిదైతే ఇంకో రోజు. ‘ఎవరికి వద్దు’ అన్నది ఇక్కడ కూడా ఉంది: రంగు చీరలకీ, పట్టుకీ ఇది పనికిరాదు, మరకతోపాటు చీర రంగు కూడా వెలుస్తుంది. ఈ ఒక్క వాక్యం నాకు వచ్చిన ఏ ఉత్తరంలోనూ లేదు.

పెసలకి, అలసందలకి ఆముదం పట్టించడం మరొకటి. సన్నటి నూనెపొర గింజంతా అంటుకుంటే పురుగు పెట్టిన గుడ్డు పొదగదు. కిలోకి చెంచాడు చాలు, అదీ అరచేతుల్లో పోసుకుని గింజలకి రుద్దాలి. దీనికి ముందు ఎండబెట్టాలి, ఎండబెట్టాక చల్లారనివ్వాలి. ఈ ‘చల్లారనివ్వాలి’ అన్నది చాలామంది వదిలేస్తారు. వేడి మీద డబ్బాలో పోసి మూతపెడితే లోపల చెమ్మ చేరి, పురుగు కంటే ముందు బూజొస్తుంది. వండేముందు కడిగితే ఆముదం పోతుంది, వాసన కూడా ఉండదు.

అదే వరసలో బియ్యంలో బోరిక్ పౌడరు కలపమని ఉత్తరాలొచ్చేవి. క్యారమ్ బోర్డు మీద చల్లే తెల్లపొడి అది. పురుగు పట్టదు, నిజమే. కానీ తినే గింజల్లో కలపాల్సిన వస్తువు కాదది. కడిగితే పోతుందిలే అంటారు. ఎంత పోయిందో కంటికి కనిపించదు. ఈ చిట్కాని నేను ఎప్పుడూ వేయలేదు. గోధుమపిండి, పంచదార, బోరిక్ కలిపి ఉండలు చేసి బొద్దింకలకి పెట్టడం వేరే సంగతి. అది పనిచేస్తుంది, వేశాం కూడా. వేసిన ప్రతిసారీ కింద ఒక గీత గీసి ‘పాకే పిల్లలున్న ఇంట్లో నేలమీద పెట్టకండి’ అని రాశాం. పంచదార కలిపిన తెల్ల ఉండ ఏడాది పిల్లాడి కంటికి ఎలా కనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

వెండి సామాన్లకి విభూతి రుద్దడం మన పాత అలవాటు. మెరుపొస్తుంది గానీ, రుద్దిన ప్రతిసారీ కాస్త కాస్త వెండి కూడా పోతుంది. గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్లు, వంటసోడా, ఉప్పు వేసి వెండిని ఆ రేకుకి తగిలేలా ఉంచితే నలుపు వదులుతుంది, వెండి తరగదు. నలుపంటే వెండికి అంటుకున్న గంధకం. అది వెండిని వదిలి అల్యూమినియం దగ్గరికి పోతుంది. కోడిగుడ్డు కుళ్లిన వాసన లీలగా వస్తే పని జరుగుతోందని లెక్క. రాళ్లు పొదిగినవి, కావాలని నలుపు నిలిపిన నగిషీ ఉన్నవి మాత్రం ముంచకూడదు. ఇత్తడికీ రాగికీ చింతపండును మించింది ఇప్పటికీ లేదు.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. ఉత్తరాల్లోకి వెనిగర్ వచ్చింది. వంటింట్లో వెనిగర్ సీసా ఉన్న ఇళ్లు ఊరికి ఎన్ని ఉంటాయో గానీ, చిట్కాల్లో మాత్రం అది నిమ్మకాయని పక్కకి నెట్టేసింది. సింకు మూసుకుపోతే వంటసోడా, వెనిగర్ కలిపి పోయండి, బుసబుసా పొంగి శుభ్రమవుతుంది అని. పొంగేది నిజం. అలా పొంగుతున్నప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం. కలిశాక మిగిలేది ఇంచుమించు ఉప్పులాంటి నీళ్లు. జిడ్డుకి సోడా విడిగా, తెల్లటి గారకి వెనిగర్ విడిగా వాడితే రెండూ పనిచేస్తాయి. కలిపితే వినోదం.

‘రెండూ కలిపితే రెట్టింపు’ అనే ఈ ఆలోచన సింకు దగ్గర ఆగితే బాగుండేది. బాత్రూము గచ్చుకి బ్లీచింగ్ పౌడరూ, టాయ్‌లెట్ యాసిడూ కలిపి వాడితే అద్దంలా ఉంటుందని ఒకావిడ చక్కటి దస్తూరీతో రాసి పంపారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం అవతలి సైనికుల మీదికి వదిలిన వాయువు అదే. కిటికీ లేని అపార్టుమెంటు బాత్రూములో తలుపేసుకుని, వంగి కడుగుతున్న మనిషి ఊపిరితిత్తులకి అది చాలు. ఆ కార్డు మీదున్న చిరునామాకి నేనే ఉత్తరం రాశాను, దయచేసి ఇక కలపొద్దని. ఆవిడ జవాబిచ్చారు. దగ్గు ఎందుకొస్తోందో ఇప్పుడు అర్థమైందట.

అందం సంగతికొస్తే ఫైలు సగం అదే. మా పేజీకి రాసే చర్మవైద్యురాలు ఒకరుండేవారు. సాయంత్రం ఓపీ అయ్యాక ఫోన్ చేసి, వచ్చిన చిట్కాలు చదివి వినిపించేదాన్ని. ‘మళ్లీ నిమ్మకాయా తల్లీ?’ అని ఆవిడే ముందు అడిగేవారు. నిమ్మరసం పీహెచ్ రెండు దగ్గర ఉంటుంది, చర్మానిది అయిదు దగ్గర. రాసుకుంటే మంట పుట్టడం, పొడిబారడం సరే. అసలు గొడవ ఎండతో. నిమ్మజాతి కాయల రసంలో ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. కాలినచోట గోధుమరంగు మచ్చ పడి వారాలు, నెలలు ఉండిపోతుంది. మచ్చలు పోవడానికని నిమ్మరసం రాసుకుని స్కూటీ మీద కాలేజీకి వెళ్లిన అమ్మాయికి కొత్త మచ్చలొచ్చేది ఇందువల్లే.

సున్నిపిండి మీద ఆవిడకి కోపం లేదు. పెసలు, కచ్చూరాలు, ఎండిన గులాబీ రేకులు వేసి ఇంట్లో పట్టించుకున్న పిండి పసిపిల్లలకి సబ్బుకన్నా నయమని అనేవారు కూడా. కానీ రెండు షరతులు. ముందు నువ్వులనూనె పట్టించి నానాక, నూనె వదిలించడానికి వాడే పిండి అది. పొడి ఒంటి మీద రుద్దితే గీరుతుంది. రెండోది బావంచాలు. చాలా పాత లెక్కల్లో సున్నిపిండిలో బావంచాలు ఉంటాయి. వాటిలో సోరాలెన్ ఉంటుంది. బొల్లి వైద్యంలో డాక్టర్లు కొలత పెట్టి, వెలుగు కొలిచి వాడే జాతి మందు అది, చర్మానికి ఎండని ఎక్కువగా పట్టిస్తుంది. కాబట్టి బావంచాలు వేసిన పిండితో నలుగు పెట్టుకుని మిట్టమధ్యాహ్నం బయటికి వెళ్లడం మంచిది కాదు. సున్నిపిండి చిట్కా వచ్చినప్పుడల్లా నేను బావంచాలు కొట్టేసి వేసేదాన్ని. సంప్రదాయాన్ని పాడుచేస్తున్నారని ఎవరైనా అన్నా ఫరవాలేదు.

బొట్టుబిళ్లల సంగతి డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలియదు. నుదుటి మీద బొట్టంత మేర తెల్లగా అయిందనీ, ఏ పిండి రాస్తే నల్లబడుతుందనీ అడుగుతూ ఉత్తరాలు వచ్చేవి. కొన్ని బిళ్లల వెనకాల జిగురులో ప్యారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుందట, అది చర్మానికి రంగునిచ్చే కణాలని చంపుతుందట. పిండ్లతో పని లేదు; ముందు బిళ్ల మానేయాలి, తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తెల్లబడ్డ చోటు కనిపించకుండా ఇంకా పెద్ద బిళ్ల పెట్టుకునేవాళ్లే ఎక్కువ. ఈ సంగతి చిట్కాల్లో కాదు, పెట్టె కట్టి విడిగా వేశాం.

గోరింటాకూ అంతే. రోట్లో రుబ్బిన ఆకు నారింజ నుంచి ముదురు ఎరుపు దాకా పండుతుంది, నల్లగా పండదు. గంటలో నల్లగా పండే కోను అంటే అందులో తలకి వేసే రంగులో ఉండే పారా ఫినిలిన్ డై అమీన్ కలిపారని లెక్క. అది ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. పెళ్లికి చేతులు పొక్కిన పిల్లకి పాతికేళ్ల తర్వాత జుట్టు రంగు వేసుకున్నా ముఖం వాస్తుంది. రంగు డబ్బా మీద 48 గంటల ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో రాసి చూడమని ఉంటుంది. చూసేవాళ్లని నేను చూడలేదు.

ఇక ‘తెల్లబడటానికి’ వచ్చే చిట్కాలు. పెళ్లిచూపుల ముందు అడిగేవాళ్లు, చెప్పేవాళ్లు. వీటిని వేయకూడదని నేను పట్టుబట్టాను. పేజీలో లోటు కనిపిస్తుందని డెస్కులో కొందరు గొణిగారు, ఏం కనిపించలేదు. చిట్కాలతో ఎవరూ తెల్లబడరు. విసుగొచ్చి మందుల షాపుకి వెళ్లి స్టెరాయిడ్ కలిసిన క్రీము చీటీ లేకుండా కొనుక్కుంటారు. మొదటి పది రోజులు ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రబడి, ఆపితే భగ్గుమంటుంది. మా డాక్టరుగారి ఓపీలో కూర్చునే ఆడపిల్లల్లో అలాంటివాళ్లు ఎప్పుడూ ఉండేవారు.

ఆరోగ్యం దగ్గర నా నియమం ఒక్కటే: చిట్కాలో జబ్బు పేరు ఉండకూడదు. మధుమేహం, స్థూలకాయం, ఎత్తు పెరగడం లాంటివాటికి మందుందని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది. చిట్కా ప్రకటన కాదు కాబట్టి ఆ చట్టం నాకు అడ్డు రాకపోవచ్చు. కానీ డబ్బిచ్చినా వేయకూడనిది ఉచితంగా ఎందుకు వేయాలి? షుగరుకి కాకరకాయ రసం అని వేస్తే, చదివినవాళ్లలో ఒకరు మాత్ర మానేస్తారు, ఇంకొకరు మాత్రతోపాటు గ్లాసుడు రసం కూడా తాగి కళ్లు తిరిగి పడతారు. కామెర్లకి పసరు ఎందుకంత పేరు తెచ్చుకుందో మా డాక్టరుగారే చెప్పారు. కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు వేసుకున్నా తగ్గుతాయి, వేసుకోకపోయినా తగ్గుతాయి. పిత్తాశయంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు మాత్రం పసరు కోసం ఆగవు.

పసిపిల్లల చిట్కాలన్నీ తిప్పికొట్టేదాన్ని. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించకూడదు. అందులో ఉండగల బోట్యులిజం బీజాలని పెద్దల పేగు తట్టుకుంటుంది, పసిపేగు తట్టుకోలేదు. ముక్కులో నూనె చుక్క వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తేవచ్చు. ఈ హెచ్చరికలు మాత్రం అమ్మమ్మలతో గొడవైనా వేశాం.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది చాలా అమాయకమైన చిట్కా: మడమల పగుళ్లకి. గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు ఉప్పు వేసి పావుగంట కాళ్లు పెట్టుకుని, తుడిచి కొబ్బరినూనె రాసి సాక్సు వేసుకోవాలి. మంచి చిట్కా, తేలికది. ఫోన్లో చదివి వినిపిస్తే డాక్టరుగారు ‘షుగరున్నవాళ్ల సంగతో?’ అన్నారు. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. మనకి గోరువెచ్చనిదో, సలసల కాగేదో వాళ్ల కాలికి తెలియదు. పొక్కాక చూసుకుంటారు, అది పుండవుతుంది, పుండు మానదు. మడమలు పగిలేదీ ఎక్కువగా అలాంటి పెద్ద వయసువాళ్లకే. ‘షుగరు ఉన్నవారు వేడినీళ్లలో కాళ్లు పెట్టకండి’ అని చివర చేర్చాను. ఆ వాక్యం పెట్టెలో పట్టలేదు. పేజీ పెట్టే కుర్రాడు అక్షరం సైజు తగ్గించి చూశాడు, వరసల మధ్య ఎడం తగ్గించి చూశాడు. ‘మేడమ్, చివరి వాక్యం తీసేస్తే సరిపోతుంది, చిట్కా మొత్తం ఉంటుంది’ అన్నాడు. నేను కుక్కరు గాస్కెట్‌ని ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా మొత్తం తీసేయమన్నాను. ఆ వాక్యం ఉండిపోయింది.

కొన్నాళ్లకి అదే చిట్కా మా అపార్టుమెంటు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నా మాటలే, నా వరసే. కింద రెండు గులాబీపూలు, ‘పదిమందికీ పంపండి’ అన్న విన్నపం ఉన్నాయి. చివరి వాక్యం లేదు. ఎవరో దారిలో తీసేశారు, బహుశా పొడుగైందని. గ్రూపులో ఉన్న పెద్దావిడలు ముగ్గురికి షుగరుందని నాకు తెలుసు. వాక్యం మళ్లీ టైపు చేసి పెట్టాను. దానికి ఒక దండం బొమ్మ వచ్చింది. అసలు చిట్కా ఎన్ని గ్రూపులకి వెళ్లిందో, నా వాక్యం ఎన్నింటికి వెళ్లిందో ఎవరు లెక్కపెడతారు?

ఇప్పుడు పేజీ నా చేతిలో లేదు. అయినా తెలిసినవాళ్లు అడుగుతుంటారు, ఇన్ని చిట్కాలు చూశారు కదా, ఒక్కటి చెప్పమంటే ఏది చెబుతారని. దీపావళి ముందు ప్రతి ఏడూ మేం తప్పకుండా వేసింది చెబుతాను. నూనె చిందినా, టపాకాయ పేలినా, కుక్కరు ఆవిరి తగిలినా, కాలిన చోటుని కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు పారే నీళ్లు పోయండి. రెండు నిమిషాలు కాదు, ఇరవై. మొదట్లోనే పోయడం మేలు. ఆలస్యమైనా మూడు గంటల లోపు పోస్తే ఉపయోగం ఉంటుంది. ఐసు వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. టూత్‌పేస్టు, సిరా, ఇడ్లీపిండి, గుడ్డు తెల్లసొన ఏవీ రాయకండి. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, ఆసుపత్రిలో గాయం చూడాలంటే వాటిని గీకి తీయాల్సి వస్తుంది, ఆ నొప్పి కాలిన నొప్పికన్నా ఎక్కువ. తర్వాత శుభ్రమైన పొడిగుడ్డ వదులుగా కప్పండి. కాలింది అరచేతికన్నా పెద్దదైనా, ముఖం మీదైనా, పసిపిల్లలకైనా నీళ్లు పోస్తూనే 108కి ఫోన్ చేయండి. ఇది ఎవరికైనా పంపితే దయచేసి చివరి వాక్యం దాకా పంపండి.